చెవి మిషన్ విడిభాగాలు: సరిపోయేవి ఎంచుకోవడం, మార్చుకోవడం ఎలా?

వేలకు వేలు పోసి కొన్న చెవి మిషన్ ఒకరోజు వినిపించడం మానేస్తే, ఇంట్లో అందరూ అనే మాట ఒకటే: "మిషన్ పోయింది." చాలాసార్లు మిషన్‌కి ఏమీ కాదు. దాని చివరనున్న జాలీలో గులిమి పట్టి ఉంటుంది, లేదా ట్యూబు గట్టిపడి ఉంటుంది, లేదా సెల్లు అయిపోయి ఉంటుంది. ఇవన్నీ విడిగా దొరుకుతాయి. చిక్కల్లా ఏమిటంటే, చూపుకి ఒకేలా కనిపించేవి అన్నీ ఒకదానికొకటి సరిపోవు. ఆన్‌లైన్‌లో ‘అన్ని మోడళ్లకూ సరిపోతుంది’ అని రాసి అమ్మేవాటిని నేనైతే నమ్మను.

కొనే ముందు ఒక తేడా మనసులో పెట్టుకోండి. కొన్ని భాగాలు మారిస్తే మిషన్ మళ్లీ ముందులా వినిపిస్తుంది. ఇంకొన్ని మారిస్తే వినిపించే తీరే మారిపోతుంది. సెల్లు, వాక్స్ గార్డ్ (గులిమిని ఆపే జాలీ), అదే రకం అదే సైజు డోమ్ (చెవిలోకి వెళ్లే మెత్తని రబ్బరు టోపీ) మొదటి కోవలోవి. వాటిని ఇంట్లోనే మార్చుకోవచ్చు. రిసీవరు (చిన్న స్పీకరు), వేరే రకం డోమ్, హుక్కు (మిషన్‌కీ ట్యూబుకీ మధ్య ఉండే వంపు ముక్క), మోల్డ్ (చెవి అచ్చు తీసి చేసేది) రెండో కోవలోవి. ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) మీ ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష పటం) చూసి, వీటన్నిటినీ లెక్కలోకి తీసుకునే మిషన్‌ని సెట్ చేస్తారు. అందుకని వీటిని అడగకుండా మార్చకూడదు.

1. మీ మిషన్ ఏ రకమో చూడండి

చెవి వెనక మిషన్, దానికి లావుపాటి పారదర్శక ట్యూబు, చెవిలో అచ్చు తీసి చేసిన మోల్డ్ ఉంటే అది మామూలు బీటీఈ. చెవిలోపలే మొత్తం ఇమిడిపోతే అది ఐటీసీ లేదా సీఐసీ రకం. జేబులో పెట్టె, దాన్నుంచి చెవికి తీగ ఉంటే అది పాకెట్ మోడల్. ఊళ్లలో పెద్దవాళ్ల దగ్గర ఇది ఇప్పటికీ కనిపిస్తుంది.

తికమకపడేది మిగిలిన రెండు రకాల దగ్గరే. రెండింటికీ చెవి వెనక చిన్న మిషన్, సన్నని గొట్టంలాంటిది, చివర మెత్తని రబ్బరు డోమ్ ఉంటాయి. వెలుతురులో పట్టుకుని చూడండి. గొట్టం లోపల తీగ కనిపించి, డోమ్ తీస్తే కింద చిన్న గట్టి స్పీకరు (రిసీవరు) ఉంటే అది ఆర్‌ఐసీ. గొట్టం లోపల ఖాళీగా ఉంటే అది స్లిమ్ ట్యూబు, స్పీకరు మిషన్‌లోనే ఉన్నట్టు. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, స్లిమ్ ట్యూబుని సన్నని ప్లాస్టిక్ పుల్లతో లోపలంతా శుభ్రం చేయవచ్చు. అదే పుల్లని ఆర్‌ఐసీ స్పీకరులోకి దూర్చారంటే స్పీకరు పాడవుతుంది.

2. వివరాలు ఒకచోట రాసి పెట్టుకోండి

కంపెనీ, మోడల్ పేరు, సీరియల్ నంబరు, సెల్లు సైజు. ఆర్‌ఐసీ అయితే రిసీవరు పొడవు, దాని శక్తి, డోమ్ రకం, సైజు కూడా. ఇవి ఎక్కడుంటాయంటే, మిషన్ అడుగున లేదా సెల్లు తలుపు లోపల చిన్న అక్షరాల్లో, కొన్న బిల్లు మీద, పెట్టె మీద. రిసీవరు తీగ దగ్గర పొడవుకి 1, 2, 3 లాంటి అంకె ఉంటుంది. శక్తిని ఫోనాక్ ఎస్, ఎం, పీ, యూపీ అనే అక్షరాలతో, ఓటికాన్ 60, 85, 100 లాంటి అంకెలతో సూచిస్తాయి. ఎర్ర గుర్తు కుడి చెవి, నీలం గుర్తు ఎడమ చెవి. ఇది అన్ని కంపెనీలకూ ఒకటే.

కళ్లకు ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడండి. ఆ ఫొటోలు అలాగే దాచుకోండి. దుకాణంలో నోటితో చెప్పడం కన్నా అవి చూపించడమే తేలిక. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలకి తెమ్మని చెప్పాల్సి వచ్చినా ఆ ఫొటోలే పంపండి.

3. సెల్లు: రంగు చూసి, అంకె చదివి

ఒకసారి వాడి పారేసే సెల్లులు నాలుగు సైజుల్లో వస్తాయి. పసుపు స్టిక్కరు ఉన్నది 10, గోధుమరంగుది 312, నారింజరంగుది 13, నీలంది 675. అంకెకి ముందు కంపెనీని బట్టి పి అనో, ఎ అనో, జెడ్ఎ అనో, డిఎ అనో ఉంటుంది. ఆ అక్షరాలను పట్టించుకోనక్కర్లేదు, అంకె ముఖ్యం. 312, 13 రెండూ వెడల్పులో ఒకటే, 7.9 మిల్లీమీటర్లు. మందంలోనే తేడా, 312ది 3.6, 13ది 5.4. అందుకే 13 పెట్టాల్సిన చోట 312 పెడితే లోపల వదులుగా ఆడుతుంది, ఒకసారి వినిపిస్తే మరోసారి వినిపించదు.

675 సెల్లుకి అంతర్జాతీయ గుర్తు పిఆర్44. వాచీల దుకాణంలోనో కిరాణా కొట్లోనో అడిగితే ఎల్‌ఆర్44 ఇచ్చేస్తారు, సైజు అచ్చంగా అదే కాబట్టి. 312కి కూడా ఇదే గొడవ. దాని గుర్తు పిఆర్41, బొమ్మల్లో, థర్మామీటర్లలో వాడే ఎల్‌ఆర్41 అదే కొలతలో ఉంటుంది. ‘ఎల్‌ఆర్’ అంటే ఆల్కలైన్ సెల్లు. చెవి మిషన్‌కి కావలసింది జింక్ ఎయిర్ సెల్లు, అది గాలి పీల్చుకుని పనిచేస్తుంది. దాని వీపున సన్నని రంధ్రాలు, వాటి మీద రంగు స్టిక్కరు ఉంటాయి. స్టిక్కరు, రంధ్రాలు లేకపోతే అది మీ సెల్లు కాదు.

కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం) ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇంకొక్కటి చూసుకోవాలి. దాని ప్రాసెసరు (బయట పెట్టుకునే భాగం) 675 సైజుతో నడిచేదైతే దానికి ఎక్కువ శక్తినిచ్చే ప్రత్యేక రకం కావాలి. ప్యాకెట్ మీద ఇంప్లాంట్ అని గానీ, పిఆర్44పి అని గానీ ఉంటుంది. ఇక్కడ అంకె తర్వాత వచ్చే ‘పి’కి అర్థం ఉంది. మామూలు 675 వేస్తే మధ్యలో ఆగిపోవచ్చు.

మార్చేటప్పుడు చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకోండి. స్టిక్కరు పీకి, సెల్లుని ఒక నిమిషం, వీలైతే ఇంకాస్త ఎక్కువసేపు గాలికి వదిలి, తర్వాత పెట్టండి. వెంటనే పెట్టి తలుపు మూస్తే గాలి సరిగా అందక త్వరగా బలహీనపడినట్టు అనిపిస్తుంది. రంధ్రాలున్న చదును వైపు ప్లస్. తలుపు మూతపడకపోతే బలవంతంగా నొక్కకండి, సెల్లు తిరగబడి ఉంటుంది. స్టిక్కరు మళ్లీ అంటించినా లోపలి చర్య పూర్తిగా ఆగదు, కాబట్టి వారం ముందే స్టిక్కర్లు పీకి పెట్టుకోవద్దు. ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ రోజులొస్తాయనేది పాత నమ్మకం, చెమ్మ పట్టి పాడవుతాయి. ఆరు సెల్లుల కార్డు కొనేటప్పుడు వెనక గడువు తేదీ చూడండి. ఆరు నెలలకి సరిపడా ఒకేసారి కొనేసే అలవాటు మన ఇళ్లలో ఉంది, సెల్లుల విషయంలో అది లాభం కాదు.

ఎన్ని రోజులొస్తుంది? సైజుని బట్టి, రోజుకి ఎన్ని గంటలు వాడతారన్నదాన్ని బట్టి మారుతుంది. 10 అయితే కొద్ది రోజులు, 675 అయితే రెండు వారాల దాకా రావచ్చు. ఫోన్ నుంచి బ్లూటూత్‌తో పాటలు, కాల్స్ ఎక్కువగా వినేవాళ్లకి త్వరగా అయిపోతుంది.

చిన్నపిల్లలున్న ఇంట్లో పాత సెల్లులు కిటికీ గట్టు మీద వదలకండి. మింగితే గొంతు, అన్నవాహిక కాలిపోయే ప్రమాదముంది. మింగారని అనుమానం వస్తే చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

4. వాక్స్ గార్డ్

ఆర్‌ఐసీ, చెవిలోపలి మిషన్లకి స్పీకరు నోటి దగ్గర బియ్యపు గింజ కన్నా చిన్న తెల్లని జాలీ ఉంటుంది. గులిమి లోపలికి పోకుండా ఆపేది అదే. శబ్దం మెల్లమెల్లగా తగ్గిపోతే ముందు దీన్నే అనుమానించండి. నెలకోసారి మార్చడం మంచి అలవాటు. గులిమి ఎక్కువ వచ్చేవాళ్లకి ఇంకా ముందే అవసరం పడొచ్చు.

రకాలు చాలా ఉన్నాయి. ఓటికాన్‌కి ప్రోవాక్స్ మినీఫిట్, వైడెక్స్‌కి నానోకేర్, స్టార్కీకి హియర్ క్లియర్, ఫోనాక్‌కి మోడల్‌ని బట్టి సెరూస్టాప్ లేదా సెరూషీల్డ్. ఒకే మాతృసంస్థ కింద ఉన్న బ్రాండ్లకు చాలా మోడళ్లలో ఒకే భాగాలు పడతాయి. ఓటికాన్, బెర్నఫోన్, ఫిలిప్స్ చెవి మిషన్లు డిమాంట్ సంస్థవి. ఫోనాక్, యూనిట్రాన్ సొనోవావి. ఒక బ్రాండ్‌ది దొరకనప్పుడు ఇది గుర్తుంటే పనికొస్తుంది. అయినా పాత జాలీని, కొత్త ప్యాకెట్ మీది బొమ్మని పక్కపక్కన పెట్టి చూడకుండా కొనకండి.

చాలావరకు ఇవి చిన్న ప్లాస్టిక్ పుల్లతో వస్తాయి. పుల్లకి ఒక కొసన ఖాళీ సూది, రెండో కొసన కొత్త జాలీ ఉంటాయి.

ముందు డోమ్ తీసేయండి. ఖాళీ సూదిని పాత జాలీలోకి నిలువుగా గుచ్చి, వంచకుండా నేరుగా లాగండి. పాతది సూదికి తగులుకుని వచ్చేస్తుంది. పుల్లని తిప్పి కొత్త జాలీని అదే రంధ్రంలో సమంగా నొక్కండి. పుల్ల వెనక్కి తీస్తే జాలీ లోపలే ఉండిపోవాలి. బయటికి పొడుచుకొచ్చినట్టుంటే వేలితో కాదు, ఏదైనా చదును గట్టి వస్తువుకి మెల్లగా ఆనించి నొక్కండి. డోమ్ పెట్టి విని చూడండి. పాత జాలీని కడిగి మళ్లీ పెట్టడం, పిన్నీసుతో రంధ్రం చేయడం రెండూ వద్దు. జాలీ లేకుండా వాడటం అంతకన్నా వద్దు. కొన్ని రూపాయల జాలీకి కక్కుర్తిపడితే వేల రూపాయల రిసీవరు పోతుంది.

5. డోమ్

డోమ్ మెత్తగా, సాగేలా ఉండాలి. పసుపు రంగుకి తిరిగినా, గట్టిపడినా, చిరిగినా మార్చేయండి. రెండు మూడు నెలలకోసారి మార్చడం మామూలే.

ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు: రకం, సైజు. ఓపెన్ డోమ్‌కి చుట్టూ పెద్ద రంధ్రాలుంటాయి, చెవి మూసుకుపోయినట్టు ఉండదు. క్లోజ్డ్ దానికి రంధ్రాలు తక్కువ లేదా చిన్నవి. పవర్ డోమ్ రెండు పొరలతో చెవిని పూర్తిగా మూసేస్తుంది, వినికిడి బాగా తగ్గినవాళ్లకి ఇదే పెడతారు. పవర్ డోమ్‌తో ఇరుకుగా ఉందని మీరే ఓపెన్ డోమ్ కొని పెట్టుకున్నారనుకోండి, మంద్రమైన శబ్దాలు బయటికి జారిపోతాయి, కీచుమని ఈల మొదలవుతుంది. అప్పుడు మిషన్ చెడిపోయిందనుకుంటారు. ఇరుకుగా ఉంటే ఆ సంగతే ఆడియాలజిస్ట్‌కి చెప్పండి, డోమ్ మార్చి సెట్టింగు కూడా సరిచేస్తారు.

సైజు అదే అయినా తరం మారితే పట్టదు. సిగ్నియాలో పాత క్లిక్ డోమ్‌లు వేరు, 3.0 రిసీవర్లతో వచ్చిన ఇయర్‌టిప్‌లు వేరు. పట్టని డోమ్‌ని ఎలాగో నొక్కి పెడితే అది చెవిలోనే ఊడిపోవచ్చు. కొత్తది పెట్టాక ఒకసారి మెల్లగా లాగి చూడండి, రాకూడదు. చెవిలో ఇరుక్కుపోతే పిన్నులు, ఇయర్‌బడ్‌లు పెట్టి తవ్వకుండా చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

6. ట్యూబు, మోల్డ్, హుక్కు

మామూలు బీటీఈ వాడేవాళ్లకి తరచూ పాడయ్యేది ట్యూబే. మన ఎండలకి, చెమటకి మూడు నుంచి ఆరు నెలల్లో పసుపుపచ్చగా మారి గట్టిపడుతుంది. గట్టిపడ్డ ట్యూబు కుంచించుకుని మోల్డ్‌ని చెవిలోంచి బయటికి లాగుతుంది, ఆ సందులోంచి శబ్దం జారి ఈల వేస్తుంది.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. మిషన్ ఆన్ చేసి, హుక్కు దగ్గర ట్యూబు ఊడదీసి, మిషన్‌ని గుప్పిట్లో పట్టుకోండి. ఈల వస్తే మిషన్ బాగానే ఉన్నట్టు, తప్పు ట్యూబుదో మోల్డ్‌దో. కొత్త మోడళ్లు ఈలని అణచివేస్తాయి కాబట్టి వాటిలో ఈల రాకపోయినా కంగారుపడకండి.

ఎక్కువగా వాడే ట్యూబు 13వ నంబరుది, లోపలి వ్యాసం 1.93 మిల్లీమీటర్లు. గోడ మందాన్ని బట్టి మామూలు, మధ్యరకం, మందం అని వస్తుంది. శక్తిమంతమైన మిషన్లకి మందపు గోడ ట్యూబే వేయాలి, పల్చటి గోడలోంచి శబ్దం బయటికి వచ్చేస్తుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు పాత ముక్క పట్టుకెళ్లండి.

మొదటిసారి ఆడియాలజిస్ట్ దగ్గర చూసి నేర్చుకున్నాకే ఇంట్లో ప్రయత్నించండి. పని ఇలా ఉంటుంది. పాత ట్యూబు పీకే ముందు, మోల్డ్ నుంచి అది ఏ వైపుకి వంగిందో ఫొటో తీయండి. వంపు ఉన్న కొత్త ట్యూబు ఒక కొసని ఏటవాలుగా కోసి, మోల్డ్ రంధ్రంలోంచి లోపలి కొస దాకా లాగండి. వంపు మోల్డ్‌కి ఆనాక, చెవిలోపలి వైపు మిగిలిన ముక్కని అంచుకి సమంగా కోసేయండి. ఇప్పుడు మోల్డ్ చెవిలో పెట్టుకుని, మిషన్ చెవి మీద ఆనించి, హుక్కు దాకా ఎంత పొడవు కావాలో గుర్తు పెట్టుకుని అక్కడ కోయండి. ఈ చివరి కోత దగ్గరే తొందరపడతారు. కొంచెం పొడవుగా కోసి చూసుకోండి, పొట్టిగా కోస్తే మళ్లీ మొదటికొస్తుంది. గట్టి యాక్రిలిక్ మోల్డ్‌లో ట్యూబుని జిగురుతో అతికిస్తారు, అది క్లినిక్‌లోనే చేయించడం మేలు.

హుక్కులు మరచుట్టుతో బిగించేవి, నొక్కి పెట్టేవి అని రెండు రకాలు. కొన్నిటి లోపల చిన్న ఫిల్టరు ఉంటుంది. అది శబ్దంలోని కరుకుదనాన్ని తగ్గించడానికి పెట్టింది. చెత్త అనుకుని తీసేయకండి. ఫిల్టరు ఉన్న హుక్కు పోతే ఫిల్టరు ఉన్నదే వేయించండి.

మోల్డ్‌ని మాత్రం మిషన్ నుంచి విడదీసి గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడగవచ్చు. ట్యూబులో నీటి చుక్క లేకుండా రబ్బరు బుడ్డితో ఊది, రాత్రంతా ఆరనివ్వాలి. పిల్లల చెవులు పెరుగుతుంటాయి కాబట్టి వాళ్లకి కొన్ని నెలలకోసారి కొత్త మోల్డ్ చేయించక తప్పదు.

7. రిసీవరు

జాలీ, సెల్లు, డోమ్ మార్చినా ఆర్‌ఐసీ మూగబోయే ఉంటే రిసీవరు పోయి ఉండొచ్చు. పొడవు, శక్తి, వైపు, తరం నాలుగూ కలవాలి. చిన్న పిన్ను తీసి మార్చే మోడళ్లు ఉన్నాయి, వీడియోలు చూస్తే తేలికే అనిపిస్తుంది. నా మాట మాత్రం క్లినిక్‌లో మార్పించుకోమనే. ఎక్కువ శక్తిది పొరపాటున తగిలిస్తే, ప్రోగ్రామ్ పాతదే ఉంటుంది కాబట్టి శబ్దం తేడాగా వస్తుంది, ఉన్న వినికిడికి కూడా చేటు చేయొచ్చు. పైగా వారంటీ ఉంటే ఉచితంగానే మార్చే వీలుంది, ముందు అది అడగండి.

8. చార్జరు, టీవీ పెట్టె

చార్జర్ల విషయంలో ఒకే కంపెనీలోనూ మోడల్ మారితే గుంట ఆకారం, కాంటాక్టులు మారిపోతాయి. కాబట్టి చార్జరుని మోడల్ పేరుతోనే అడగాలి, బ్రాండ్ పేరుతో కాదు. విదేశాల్లో కొన్నదైతే అడాప్టరు మీద 100–240 వోల్టులు అని ఉందో లేదో చూసి ప్లగ్గులో పెట్టండి.

టీవీ శబ్దాన్ని నేరుగా మిషన్‌కి పంపే పెట్టెలకీ ఇదే నియమం. ఫోనాక్ టీవీ కనెక్టర్‌తో ఓటికాన్ మిషన్ పనిచేయదు, ఓటికాన్ టీవీ అడాప్టరుతో ఫోనాక్ పనిచేయదు. ‘బ్లూటూత్ ఉంది కదా’ అనుకుని కొనేయకండి. ఐఫోన్‌తో నేరుగా కలిసే మిషన్ మీ ఆండ్రాయిడ్ ఫోన్‌తో కలవకపోవచ్చు. ఆండ్రాయిడ్‌లో చెవి మిషన్ల కోసం వచ్చిన ఆషా పద్ధతి 10వ వెర్షన్ నుంచి ఉంది, అదీ ఫోన్, మిషన్ రెండూ ఒప్పుకుంటేనే. కంపెనీ వెబ్‌సైట్లలో సరిపోయే ఫోన్ల జాబితా ఉంటుంది, ఫోన్ కొనే ముందు అది చూడండి.

అమెరికాలో 2022 అక్టోబరు నుంచి పెద్దవాళ్లకి ప్రిస్క్రిప్షన్ లేకుండా చెవి మిషన్లు అమ్ముతున్నారు. అక్కడి పిల్లలు వాటిని అమ్మానాన్నలకి తెచ్చిపెడుతున్నారు. తేవడం మంచిదే గానీ, వాటి డోమ్‌లు, జాలీలు ఇక్కడ దుకాణాల్లో దొరకడం కష్టం. తెచ్చేటప్పుడే ఏడాదికి సరిపడా తెమ్మనండి. సెల్లులకి చెప్పిన మాట వీటికి వర్తించదు, ఇవి నిలవ ఉంటాయి.

9. చెమ్మ

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో ఉండేవాళ్లు మిగతావి కొన్నా కొనకపోయినా డ్రై బాక్స్ కొనాలి. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ ఉన్నా చాలు. రాత్రి సెల్లు తీసి, తలుపు తెరిచి, మిషన్‌ని అందులో పెట్టండి. సెల్లుని లోపల పెట్టకండి, అదీ ఎండిపోతుంది. జెల్ గింజల రంగు మారితే (నీలంవి గులాబీగా, నారింజవి పచ్చగా) మార్చే సమయం వచ్చినట్టు. హెయిర్ డ్రయ్యరు, మైక్రోవేవ్ జోలికి పోవద్దు. తలకి నూనె రాసుకున్న రోజు నూనె మైక్ రంధ్రాల్లోకి దిగుతుంది, జుట్టు ఆరాకే మిషన్ పెట్టుకోండి.

10. ఎక్కడ కొనాలి

మొదట మిషన్ అమ్మిన క్లినిక్‌లో అడగండి. కొత్త చోటికి వెళ్తే అక్కడి ఆడియాలజిస్ట్‌కి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడంలో మొహమాటపడాల్సిందేమీ లేదు. ఆ కౌన్సిల్‌కి సంబంధించిన 1992 చట్టం ప్రకారం అది ఉండాలి. ఆన్‌లైన్‌లో సెల్లులు, జాలీలు కొనొచ్చు, రిసీవర్లు మాత్రం వద్దు.

దివ్యాంగులకు సహాయ పరికరాల కోసం కేంద్రం నడిపే ఏడిఐపి పథకంలో మిషన్ తీసుకున్నవాళ్లు, పంపిణీ చేసిన సంస్థ పేరు ఉన్న కాగితం దాచుకోండి, సర్వీసుకి అదే ఆధారం. పాకెట్ మోడల్‌లో ఎక్కువగా తెగేది తీగ. రెండు పిన్నులదో మూడు పిన్నులదో చూసి అదే తెచ్చుకోవాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి పరీక్షకి, మోల్డ్‌కి అక్కడికి వెళ్లవచ్చు. ఎక్కడికి వెళ్లినా ఒక చెవిదే పాడైనా రెండు మిషన్లూ, చార్జరూ, పాత ఆడియోగ్రామూ వెంట తీసుకెళ్లండి.